సముద్రపు పై పొరల్లో వేడి కదలిక: థర్మామీటరు ఒక్కటే చెప్పలేని లెక్క

సముద్రపు నీటి ఉష్ణోగ్రతను డిగ్రీలో వెయ్యో వంతు వరకు పట్టుకునే సెన్సర్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. అయినా ఒక చోట, ఒక నెలలో, పై వంద మీటర్ల నీటిలోకి ఎంత వేడి వచ్చింది, అందులో ఎంత కిందికి దిగింది, ఎంత పక్కకు కొట్టుకుపోయింది అని అడిగితే వచ్చే జవాబులో చదరపు మీటరుకు 10, 20 వాట్ల తేడా మామూలే. తప్పు చాలావరకు థర్మామీటరుది కాదు. అది నిజంగా ఎంత లోతులో ఉంది, ఎంతసేపటికోసారి కొలిచింది, కొలిచినప్పుడు దాని ముందున్న నీరు ఎక్కడిది అన్న మూడు ప్రశ్నల దగ్గరే లెక్క జారిపోతుంది.

ముందు కొలమానం ఏమిటో చూద్దాం. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1025 కిలోలు. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 3990 జౌళ్లు కావాలి. అంటే ఘనపు మీటరు నీటికి డిగ్రీకి దాదాపు 41 లక్షల జౌళ్లు. గాలి, అలలు కలిపేయడంతో పైనుంచి కింది వరకు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండే పై భాగాన్ని మిశ్రమ పొర అంటారు. అది 50 మీటర్ల మందాన ఉందనుకుందాం. ఉపరితలం నుంచి చదరపు మీటరుకు నికరంగా 100 వాట్లు లోపలికి వస్తుంటే ఆ పొర రోజుకు 0.04 డిగ్రీలు, నెలకు సుమారు 1.3 డిగ్రీలు వేడెక్కుతుంది. 100 వాట్లు పెద్ద ప్రవాహమే. దాని ఫలితం మాత్రం రోజుకు డిగ్రీలో ఇరవై ఐదో వంతు. ఈ సంకేతం చుట్టూ దానికి ఎన్నో రెట్లు పెద్దవైన ఊగిసలాటలు ఉంటాయి.

లోతులో మీటరు తేడా

పై 700 మీటర్ల నీటిలో ప్రతి రీడింగూ 0.002 డిగ్రీలు ఎక్కువ చూపిందనుకుందాం. మొత్తం వేడి లెక్కలో చదరపు మీటరుకు 57 లక్షల జౌళ్ల పొరపాటు వస్తుంది. ఏడాది మీద పరిస్తే అది 0.18 వాట్లు. ఇప్పుడు ఉష్ణోగ్రతలన్నీ సరిగ్గానే ఉండి, లోతు మాత్రం అంతటా ఒక మీటరు తప్పిందనుకుందాం. ఉపరితలానికీ అడుగుకూ మధ్య 15 డిగ్రీల తేడా ఉన్న చోట ఆ ఒక్క మీటరు వల్ల వచ్చే పొరపాటు ఆరు కోట్ల జౌళ్లు. ఏడాదికి దాదాపు 2 వాట్లు, అంటే ముందుదానికి పదింతలకు పైనే. భూమి మొత్తం మీద మిగిలిపోతున్న వేడి 2006–2018 మధ్య చదరపు మీటరుకు సగటున 0.8 వాట్ల దరిదాపుల్లో ఉందని, అందులో 90 శాతం సముద్రంలోకే పోతోందని గుర్తుంచుకుంటే ఈ మీటరు విలువ తెలుస్తుంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. ఎక్స్‌బీటీ అనే పరికరాన్ని ఓడ ఆగకుండానే నీటిలోకి వదులుతారు. సన్నని రాగి తీగ విప్పుకుంటూ అది పడిపోతుంటే, ముక్కు దగ్గరున్న థర్మిస్టరు ఉష్ణోగ్రత పంపుతుంది. అందులో పీడనం కొలిచే భాగం లేదు. వదిలి ఎన్ని సెకన్లయిందో చూసి, సూత్రంతో లోతు ఊహిస్తారు. తయారీదారు ఇచ్చిన పాత సూత్రంలో లోతు అంటే కాలాన్ని 6.472తో గుణించి, కాలవర్గాన్ని 0.00216తో గుణించి తీసివేయడం. 1995లో సరిదిద్దిన సూత్రంలో ఈ సంఖ్యలు 6.691, 0.00225 అయ్యాయి. 60 సెకన్ల దగ్గర మొదటిది 380 మీటర్లంటే రెండోది 393 అంటుంది. పదమూడు మీటర్ల తేడా! పైగా పడే వేగం అన్ని ఏళ్లలో ఒక్కలా లేదు. తయారీలో చిన్న మార్పులు, నీటి జిగట, ఓడ మీద ఎంత ఎత్తు నుంచి వదిలారు, ఇవన్నీ దాన్ని మారుస్తాయి. 1970ల్లోనూ 1980ల తొలినాళ్లలోనూ ప్రపంచ సముద్రాలు ఒక్కసారిగా వేడెక్కి మళ్లీ చల్లబడ్డట్టు పాత గ్రాఫుల్లో కనిపించిన గుబ్బ, ఈ పొరపాట్లను ఏడాదివారీగా సరిచేశాక చాలావరకు అణిగిపోయింది.

సముద్రంలో కొట్టుకుపోతూ తమంతట తామే మునిగి తేలే పరికరాలైన ఆర్గో ఫ్లోట్లు పీడనాన్ని నేరుగా కొలుస్తాయి. సుమారు 4000 ఫ్లోట్లు 1000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ కొలుస్తాయి. ఉష్ణోగ్రతలో 0.002 డిగ్రీలు, పీడనంలో 2.4 డెసిబార్లు వాటి లక్షిత కచ్చితత్వం. డెసిబారు అంటే ఇంచుమించు ఒక మీటరు. ఇక్కడా చిక్కు లోతు వైపే ఉందన్నమాట. 2009లో కొన్ని పీడన సెన్సర్లలో నూనె సన్నగా కారుతోందని, దానివల్ల రీడింగు క్రమంగా రుణం వైపు జారుతోందని తేలింది. ఉపరితలానికి వచ్చినప్పుడు పీడనం సున్నా చూపాలి కాబట్టి జారుడును అక్కడే పట్టేయవచ్చు. కానీ కొన్ని పాత కంట్రోలర్లు రుణ విలువ వస్తే సున్నా అనే రాసుకునేవి. లోపాన్ని బయటపెట్టాల్సిన సంఖ్యనే అవి మింగేశాయి. అలాంటి ఫ్లోట్ల ప్రొఫైళ్లను, అంటే లోతు వారీ కొలతల వరుసలను, విడిగా గుర్తుపెట్టి, వేడి లెక్కల్లోంచి తప్పించాల్సి వచ్చింది.

లంగరు వేసి నిలబెట్టిన సెన్సర్ల తాడుకూ ఈ బాధ తప్పదు. అడుగున లంగరు, పైన నీటిలోనే మునిగి ఉండే బోయా ఉన్న 500 మీటర్ల తాడు ప్రవాహానికి సగటున 10 డిగ్రీలు వంగితే దాని పై కొస 7.6 మీటర్లు కిందికి దిగుతుంది. మీటరుకు 0.1 డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత పడిపోయే థెర్మోక్లైన్ అనే పొరలో ఈ వంపు ఒక్కటే 0.76 డిగ్రీల కృత్రిమ చల్లదనం చూపిస్తుంది. అందుకే ప్రతి నాలుగైదు థర్మామీటర్లకు ఒకటి పీడనం కూడా కొలిచేదిగా పెట్టి, మధ్యవాటి లోతును తాడు ఆకారం నుంచి లెక్కకట్టాలి. తాడు మీద రాసుకున్న దూరాలను లోతులుగా వాడడం సర్వసాధారణమైన తప్పు.

దించే ముందు, తీశాక చేయాల్సిన పని ఒకటుంది. సెన్సర్లన్నింటినీ ఓడ సీటీడీ (వాహకత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) చట్రానికి కట్టి, ఉష్ణోగ్రత పెద్దగా మారని లోతుల్లో ఒక్కోచోట పది నిమిషాలు ఆపాలి. అప్పుడు వాటి మధ్య తేడాలు వెయ్యో వంతు స్థాయిలో బయటపడతాయి. గడియారాలకూ పరీక్ష ఉంది: అన్నింటినీ కలిపి తెలిసిన సమయానికి ఒక్కసారిగా చల్లటి నీటిలో ముంచితే ప్రతి ఫైల్లోనూ ఒక మెట్టు పడుతుంది. నెలల తర్వాత తీసినప్పుడు మళ్లీ ముంచితే ఏ గడియారం ఎన్ని సెకన్లు జారిందో తేలుతుంది. ఈ రెండో ముంచడం మరిచిపోయిన డేటాలో అంతర తరంగాల (నీటి లోపలి అలల) దశ గురించి ఏం చెప్పినా గట్టిగా నిలబడదు.

ఎప్పుడు కొలిచారు?

సముద్రం లోపల, వేర్వేరు సాంద్రతల పొరల మధ్య, పైకి కనిపించని అలలు నిత్యం నడుస్తుంటాయి. పోటుపాట్ల వల్ల పుట్టే అంతర తరంగాలు సమోష్ణ రేఖలను (ఒకే ఉష్ణోగ్రత ఉన్న లోతులను కలిపే రేఖలను) పదుల మీటర్లు పైకీ కిందికీ ఊపగలవు. మీటరుకు 0.1 డిగ్రీ వాలున్న చోట 10 మీటర్ల ఊపు అంటే ఒక డిగ్రీ మార్పు. అందులో వేడి ఎక్కడికీ పోలేదు. నీరు లేచింది, మళ్లీ దిగుతుంది.

ప్రధాన చాంద్ర పోటు ఆవర్తన కాలం 12.42 గంటలు. ఒకే చోట సరిగ్గా పది రోజులకోసారి కొలిస్తే ఈ ఊపు మాయమవదు, సుమారు 31 రోజుల నెమ్మది డోలనంగా వేషం మార్చుకుని కనిపిస్తుంది. దాన్ని నెలవారీ వేడి మార్పు అని చదువుకునే ప్రమాదం ఉంది. ఫ్లోటు ప్రొఫైలు వేళను ప్రతిసారీ కొన్ని గంటలు జరిగేలా పెట్టడం ఒక విరుగుడు. స్థిరమైన తాళ్లలోనైతే గంటకోసారి కాదు, నిమిషానికోసారి కొలిచి, సగటును 24 గంటలకు కాకుండా రెండు పోటు ఆవర్తనాలకు, అంటే 24.84 గంటలకు తీయాలి. ఇంతకన్నా మేలైన పద్ధతి లోతును వదిలేసి సమోష్ణ రేఖల వెంట లెక్కించడం. ఉష్ణమండలంలో 20 డిగ్రీల రేఖకు పైనున్న నీటి మందం, దాని సగటు ఉష్ణోగ్రత విడివిడిగా చూస్తే ఊపు వల్ల వచ్చిన మార్పు మందంలో చేరుతుంది, అసలు వేడెక్కడం సగటులో మిగులుతుంది. పూర్తిగా కాదు, కానీ చాలావరకు.

ఉపరితలానికి దగ్గరయ్యేకొద్దీ వేళ మరింత కీలకం. గాలి పడిపోయిన మధ్యాహ్నం పై ఒకటి రెండు మీటర్లు ఒక డిగ్రీ, కొన్నిచోట్ల మూడు డిగ్రీల దాకా అదనంగా వేడెక్కి, రాత్రికి కలిసిపోతాయి. చాలా ఆర్గో ఫ్లోట్లు ఉపరితలపు మురికి సెన్సరులోకి పోకుండా సుమారు 5 మీటర్ల దగ్గరే పంపును ఆపేస్తాయి కాబట్టి ఈ పొర వాటికి కనిపించదు. పరారుణ ఉపగ్రహానిది సరిగ్గా ఎదురు చిక్కు. అది చూసేది మిల్లీమీటరు కన్నా పలచటి చర్మాన్ని. గాలికి వేడి కోల్పోతూ ఉండే ఆ చర్మం కింది నీటి కన్నా 0.1 నుంచి 0.3 డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఈ రెండు అంకెలనూ ఒకే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతగా కలిపేయకూడదు.

పైనుంచి వచ్చేది

ఉపరితలం గుండా పోయేవి నాలుగు: సూర్యరశ్మి, దీర్ఘతరంగ వికిరణం, ఆవిరి ఎత్తుకుపోయే గుప్తోష్ణం, గాలికి నేరుగా చేరే వేడి. మొదటి రెంటినీ బోయా మీది రేడియోమీటర్లతో కొలుస్తారు. గోపురం మీద ఉప్పు, పక్షి రెట్టలు పేరుకోవడం, బోయా ఒకవైపు ఒరిగి ఉండడం వాటి ప్రధాన శత్రువులు. మిగతా రెంటినీ గాలి వేగం, తేమ, గాలి–నీటి ఉష్ణోగ్రతల నుంచి లెక్కకట్టడమే ఎక్కువ. 1992–93లో పశ్చిమ పసిఫిక్‌లోని వెచ్చటి నీటి ప్రాంతంలో జరిగిన టోగా కోర్ ప్రయోగంలో పుట్టిన లెక్కింపు పద్ధతి, తర్వాతి సవరణలతో, ఈనాటికీ ప్రమాణం.

రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే చదరపు మీటరుకు సుమారు 113 వాట్లు పోయినట్టు. గాలి వేగంలో 5 శాతం తప్పు అంటే ఇందులో దాదాపు 6 వాట్లు. 28 డిగ్రీల నీటిలో ఉష్ణోగ్రత 0.2 తప్పితే సంతృప్త తేమ కిలోకు 0.27 గ్రాములు మారుతుంది. నీటికీ గాలికీ మధ్య తేమ తేడా 6 గ్రాములే ఉన్న చోట అది మరో నాలుగైదు శాతం. గాలి వేగాన్ని నేల మీద లాగా నిశ్చల బిందువు నుంచి కాక, ప్రవహిస్తున్న నీటితో పోల్చి తీసుకోవాలన్న సంగతి బలమైన ప్రవాహాలున్న చోట తరచూ మరుగున పడుతుంది. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్న మంచి బోయాకు నికర ప్రవాహంలో 10 వాట్ల లోపు అనిశ్చితి సాధించడం గొప్ప పనే.

దీనికన్నా పెద్ద తప్పు సూర్యరశ్మి అంతా మిశ్రమ పొరలోనే ఆగిపోతుందనుకోవడం. ఎర్రని, పరారుణ భాగాలు పై మీటరు రెండు మీటర్లలోనే అయిపోతాయి. నీలి, ఆకుపచ్చ కాంతి లోతుకు పోతుంది. అతి తేట నీటిలో 42 శాతం కాంతి 23 మీటర్ల క్షయ దూరంతో (కాంతి సుమారు 37 శాతానికి పడిపోయే దూరంతో) తగ్గుతుంది. నాచు జీవులు నిండిన నీటిలో ఆ వాటా 22 శాతం, క్షయ దూరం 7.9 మీటర్లు. మిశ్రమ పొర 20 మీటర్లే ఉండి, రోజు సగటు రశ్మి 220 వాట్లయితే, తేట నీటిలో 39 వాట్లు ఆ పొరను దాటి కిందికి పోతాయి. మసక నీటిలో పోయేది 4 వాట్లు. ఉపరితలం మీద అన్నీ ఒకేలా కొలిచినా, నీటి రంగు చూడకపోతే 35 వాట్లు గల్లంతు.

బంగాళాఖాతం ఉత్తర భాగం, పశ్చిమ పసిఫిక్ వెచ్చని నీరు లాంటి చోట్ల ఇది మరీ ముఖ్యం. నదుల నీరు, వాన నీరు పైన తేలికపాటి ఉప్పదనపు మూత వేస్తాయి. ఉష్ణోగ్రత ప్రకారం 50 మీటర్లున్న పొర, సాంద్రత ప్రకారం 15 మీటర్లే కావచ్చు. ఆ మధ్య భాగమే అవరోధ పొర. మూత దాటి దిగిన రశ్మి అక్కడ చిక్కుకుని, కింది నీరు పైదాని కన్నా వెచ్చగా మారే సందర్భాలూ ఉన్నాయి. 10 మీటర్ల దగ్గరి విలువ నుంచి 0.2 డిగ్రీలు తగ్గిన లోతే మిశ్రమ పొర అడుగు అన్న వాడుక నియమం ఇక్కడ పనికిరాదు. సాంద్రత ఘనపు మీటరుకు 0.03 కిలోలు పెరిగిన లోతును తీసుకోవాలి. దానికి ఉప్పదనం కావాలి, ఉప్పదనానికి శుభ్రమైన వాహకత సెన్సరు కావాలి. జీవులు పట్టి మొదట చెడేది అదే.

పక్కనుంచి వచ్చేది, మిగిలిపోయేది

సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహం, 100 కిలోమీటర్లకు అర డిగ్రీ వాలు. రెండూ చాలా సాధారణమైన విలువలు. వీటిని గుణించి 50 మీటర్ల పొరకు లెక్క వేస్తే చదరపు మీటరుకు 102 వాట్లు వస్తుంది. అంటే ఎక్కడా పెద్ద ప్రవాహం లేని చోట కూడా పక్కకు జరిగే వేడి, ఎండ నుంచి నికరంగా వచ్చేదానితో సమానం కావచ్చు. ఒక్క బోయాతో వేడి లెక్క మూసేశామని చెప్పే ఫలితాలను ఈ కారణంగానే అనుమానంతో చదవాలి. ఉపగ్రహ ఉష్ణోగ్రత పటాల నుంచి వాలు, 15 మీటర్ల లోతులో తెరచాప వేలాడే డ్రిఫ్టర్ల (ప్రవాహంతో కొట్టుకుపోయే బోయాల) నుంచి ప్రవాహం తీసుకోవచ్చు. 1000 మీటర్లకు దిగి పైకి రావడానికి ఐదారు గంటలు తీసుకుని, ఆలోగా ఐదారు కిలోమీటర్లు సాగే గ్లైడర్లు అనే మనిషి లేని పరికరాలు వెచ్చని, చల్లని నీళ్లు కలిసే సరిహద్దుల వాలును ఇంకా బాగా పట్టిస్తాయి. వంద కిలోమీటర్ల దూరంలో నిలబెట్టిన రెండు తాళ్ల మధ్య పది కిలోమీటర్ల వెడల్పున్న పదునైన సరిహద్దు దాటిపోయినా వాటి సగటు వాలులో అది చప్పబడిపోతుంది.

ఇక్కడే ఒక మౌలికమైన మెలిక. ప్రవాహాన్ని ఉష్ణోగ్రతతో గుణించి ఇన్ని వాట్ల వేడి రవాణా అనడానికి, లెక్కకు తీసుకున్న నిలువు కోత గుండా పోయే నికర నీటి ద్రవ్యరాశి సున్నా కావాలి. కాకపోతే జవాబు సెల్సియస్‌లో ఒకలా, కెల్విన్‌లో ఇంకొకలా వస్తుంది. అట్లాంటిక్ అంతా అడ్డంగా 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 2004 నుంచి కొలుస్తున్న ర్యాపిడ్ అనే పరికరాల వరుసకు ఈ ఇబ్బంది లేదు. అక్కడ పైన ఉత్తరానికి పోయేదీ, లోతున దక్షిణానికి వచ్చేదీ కలిపి కొలుస్తారు.

ఇలా ఉపరితలం, పక్క కదలిక, నిల్వలో మార్పు కొలిచాక, మిగిలిందంతా కిందికి దిగిన వేడి అని రాసేయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. లెక్క వేసి చూడండి. ఉపరితలంలో 10, పక్క కదలికలో 20, నిల్వలో 10 వాట్ల అనిశ్చితి ఉంటే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, మిగులులో అనిశ్చితి సుమారు 24 వాట్లు. ఉష్ణమండలంలో మిశ్రమ పొర అడుగు గుండా దిగే వేడి చాలాసార్లు ఆ పరిమాణంలోనే ఉంటుంది. మిగులుకు నిలువు కలయిక అని పేరు పెట్టడమంటే మిగతా అందరి తప్పులకూ ఆ పేరే పెట్టడం. దాన్ని నేరుగా కొలవాల్సిందే.

సుడిని కొలవడం

కిందికి దిగే వేడి ఉష్ణోగ్రత వాలుకు, నీటి కలయిక గుణకానికి అనులోమంగా ఉంటుంది. ఆ గుణకం సెకనుకు 10⁻⁵ చదరపు మీటర్లు అయి, వాలు మీటరుకు 0.1 డిగ్రీ అయితే వేడి 4 వాట్లు. 10⁻⁴ అయితే 41 వాట్లు. అణువుల వల్ల జరిగే వ్యాపనం 1.4×10⁻⁷ మాత్రమే, అది పట్టించుకోనక్కర్లేని సంఖ్య. ప్రశాంతమైన థెర్మోక్లైన్‌లో గుణకం ఎంతో 1992లో తూర్పు ఉత్తర అట్లాంటిక్‌లో సుమారు 300 మీటర్ల లోతున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వదిలి, అది నిలువుగా ఎంత వ్యాపించిందో నెలల తరబడి చూసి తేల్చారు. వచ్చిన విలువ సుమారు 1.1×10⁻⁵. సుడిని, అంటే నీటిని కలిపే చిన్నచిన్న అల్లకల్లోల కదలికలను, నిలువుగా సాగుతూ కొలిచే ప్రొఫైలర్ల అంచనాలకు అది గట్టి ఆధారం అయింది.

ప్రొఫైలర్లు రెండు దారుల్లో పనిచేస్తాయి. మొదటిదాంట్లో ముక్కు దగ్గర చిన్న రెక్క ఆకారపు షియర్ ప్రోబ్ ఉంటుంది. పక్కకు నెట్టే నీటి బలానికి లోపలి పీజో సెరామిక్ కడ్డీ వంగి వోల్టేజి ఇస్తుంది. సెకనుకు 512 సార్లు చదివి, స్పెక్ట్రం నుంచి సుడి శక్తి ఎంత వేగంగా వేడిగా కరిగిపోతోందో, అంటే కిలో నీటికి ఎన్ని వాట్లో లెక్కిస్తారు. దాన్ని 0.2తో గుణించి, పొరల స్థిరత్వాన్ని చెప్పే తేలుడు పౌనఃపున్యపు వర్గంతో భాగిస్తే గుణకం వస్తుంది. ఉదాహరణకు కిలోకు 10⁻⁷ వాట్లు, స్థిరత్వం 3×10⁻⁴ అయితే గుణకం 6.7×10⁻⁵. వాలు 0.1 అయితే వేడి 27 వాట్లు. ఆ 0.2 ఒక ఒప్పందపు సంఖ్య. రాత్రి పైనుంచి చల్లబడి నీరు బోర్లాపడేటప్పుడూ, ఉప్పు వేళ్లలా దిగే చోటా దాన్ని వాడకూడదు.

పరికరం సెకనుకు 0.6–0.8 మీటర్ల వేగంతో తనంతట తాను పడాలి. కేబుల్ బిగిసిన క్షణాన ఓడ ఊపు దానిలోకి పాకి, ఆ కంపనమే సుడిలా కనిపిస్తుంది. కాబట్టి వించి (కేబుల్ చుట్టే యంత్రం) దగ్గరివాళ్లు ఎప్పుడూ కొన్ని మీటర్ల కేబుల్ నీటి మీద వదులుగా ఉండేలా చూడాలి. యాక్సెలరోమీటరుతో పొంతన కుదిరిన భాగాన్ని స్పెక్ట్రం నుంచి తీసేస్తారు. చిన్న జీవులు ప్రోబుకు తగిలినప్పుడు వచ్చే మేకుల్లాంటి సంకేతాలను ముందే ఏరేయాలి. లేకుంటే ఒక్క దెబ్బకే ఆ సెకను విలువ పదింతలవుతుంది. పై పది మీటర్లు సాధారణంగా ఓడ కలిపేసిన నీరే. అక్కడి సంఖ్యలు కావాలంటే ఓడకు దూరంగా కింది నుంచి పైకి తేలే ప్రొఫైలరు వాడాలి.

రెండో దారి ఉష్ణోగ్రతలోని అతి సూక్ష్మ ముడతలను కొలవడం. ముడతల వాలు వర్గపు సగటును, పెద్ద వాలు వర్గంతో భాగించి, మూడుతో, అణు వ్యాపనంతో గుణిస్తే గుణకం వస్తుంది. ఇందులో 0.2 లాంటి ఊహ అక్కర్లేదు. కానీ ముడతలు అణు వ్యాపనంలో కరిగిపోయే కొలత, కిలోకు 10⁻⁸ వాట్ల దగ్గర, దాదాపు 1.2 మిల్లీమీటర్లు. ఎఫ్‌పీ07 అనే గాజు పూత థర్మిస్టరు స్పందించడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సెకనుకు 0.7 మీటర్ల వేగంలో ఆలోగా అది 7 మిల్లీమీటర్లు పోయేసింది. కాబట్టి స్పెక్ట్రం చివర కత్తిరించిపోతుంది, సిద్ధాంత వక్రరేఖతో పూరించాల్సి వస్తుంది. పరికరాన్ని నెమ్మదిగా దించితే ఈ బాధ తగ్గుతుంది. కానీ షియర్ ప్రోబ్ సంకేతం వేగ వర్గంతో పాటు తగ్గుతుంది. ఒకే పరికరానికి రెండూ బిగించినప్పుడు ఏదో ఒకటి నష్టపోవాలి.

ఇక సగటు సంగతి. సుడి ఆగి ఆగి వస్తుంది. పది ప్రొఫైళ్లలో తొమ్మిది 10⁻⁹, ఒకటి 10⁻⁶ చూపితే అంకగణిత సగటు 10⁻⁷, మధ్యగతం 10⁻⁹. ఆ ఒక్కటీ ఏదో పొరపాటని తీసేస్తే జవాబు వంద రెట్లు తగ్గుతుంది. వేడి బడ్జెట్‌కు కావాల్సింది అంకగణిత సగటే. లాగరిథమిక్ సగటు చూపడానికి పనికొస్తుంది, లెక్కకు పనికిరాదు. అందుకే కొద్దిరోజుల యాత్రలో తీసిన ప్రొఫైళ్ల నుంచి నెలవారీ ప్రవాహం చెప్పేటప్పుడు బూట్‌స్ట్రాప్ చేసిన (ఆ ప్రొఫైళ్లలోంచే పదేపదే నమూనాలు తీసి కట్టిన) విశ్వాస అవధి లేకపోతే ఆ సంఖ్య ఒక ఉదాహరణ మాత్రమే.

ఈ అరుదైన ఘటనలను పట్టడానికే వేగవంతమైన థర్మిస్టర్లను లంగరు తాడుకే బిగించి నెలల తరబడి వదిలే పద్ధతి వచ్చింది. వాటిని కైపాడ్లు అంటారు. పైన బోయా అలల మీద ఎగిరిపడుతుంటే తాడు ఊగి సెన్సర్లను నీటిలో కదిలిస్తుంది. ప్రవాహమూ తోడై కావాల్సిన వేగం దొరుకుతుంది. భూమధ్యరేఖ మీద 140 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఇలా ఏళ్ల తరబడి చేరిన డేటా మీద 2013లో వచ్చిన ఫలితం ఆసక్తికరం. తూర్పు పసిఫిక్‌లోని ఆ చల్లటి నాలుక (నాలుకలా సాగిన చల్లటి నీటి ప్రాంతం) పైన ఎండ బాగా వేడెక్కిస్తున్న కాలంలోనే ఉపరితలం చల్లబడడానికి ప్రధాన కారణం, కిందికి వేడిని లాగేసే సుడేనని అది చూపింది. మిగులు పద్ధతి అలాంటి ఊహ ఇవ్వగలదు, నిరూపించలేదు.

కైపాడ్‌కూ ఒక హద్దు ఉంది, అది మళ్లీ థర్మామీటర్ల దగ్గరికే తెస్తుంది. దాని వేడి ప్రవాహ లెక్కలో స్థానిక వాలుతో భాగించాలి. మీటరు దూరంలో ఉన్న రెండు సెన్సర్లు ఒక్కొక్కటి 0.002 డిగ్రీలు తప్పితే వాలులో తప్పు మీటరుకు 0.004 దాకా పోవచ్చు. థెర్మోక్లైన్‌లో 0.1 వాలు ముందు అది లెక్కలోకి రాదు. మిశ్రమ పొరలో అసలు వాలే 0.001 ఉన్నప్పుడు మాత్రం భాగహారం వేల వాట్లు ఇస్తుంది, ఒక్కోసారి తప్పుడు గుర్తుతో కూడా. కాబట్టి ముందే ఒక కనీస వాలు నిర్ణయించుకుని, అంతకన్నా తక్కువున్న నిమిషాలను ఖాళీగా వదిలేసి, ఎంత శాతం వదిలేశారో ఫలితం పక్కనే రాయాలి. రాత్రివేళ కలిసిపోయే పై పొరలో ఆ శాతం సగానికి మించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడ వేడి ప్రవాహాన్ని ఉపరితలం లెక్క నుంచి, చొచ్చుకుపోయే రశ్మి నుంచి కట్టుకురావడమే నమ్మదగిన దారి.